కిగాలీలో పొగాచార్‌ను ఆపేదెవరు? నంది ఎక్కేవాళ్ళకు అర్థమయ్యేలా ఒక లెక్క

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: ఈ ఆదివారం (2025 సెప్టెంబరు 28) రువాండా రాజధాని కిగాలీలో జరిగే సైక్లింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ రోడ్ రేసులో ఎక్కుళ్ళు చూస్తే ఒకటి 800 మీటర్లు, ఇంకోటి 1.3 కిలోమీటర్లు, బెంగళూరు దగ్గర మనం వారం వారం సైకిల్ మీద ఎక్కే నంది కొండ ముందు ఇవెంత, వీటికి ఇంత హడావుడి ఎందుకు? పోయిన ఆదివారం టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరూ విడివిడిగా బయల్దేరి గడియారంతో పోటీపడే రేసు) బెల్జియం రెమ్కో ఎవెనెపూల్ స్లొవేనియా పొగాచార్‌ను రోడ్డు మీదే దాటేసి పోయాడు కదా, మరి కప్పు రెమ్కోదేనా? వీళ్ళిద్దరూ కాక ఇంకెవరి మీదైనా కన్నేసి ఉంచాలా?

శుక్రవారం రాత్రి, దసరాకి ఊళ్ళకి పోయే బస్సులతో మా మారతహళ్ళి రోడ్డంతా హారన్లే, ఎలాగూ నిద్ర పట్టదు కాబట్టి తీరిగ్గానే రాస్తున్నా. పొడుగైతే తిట్టుకోవద్దు.

ముందు ఎక్కుళ్ళ సంగతి. ఒక్కో ఎక్కుడు ఎంత పొడుగుందో చూసి రేసు కష్టాన్ని కొలవడం అందరం చేసే పొరపాటే, నేనూ చాలా ఏళ్ళు చేశాను. కిగాలీ రేసు 267.5 కిలోమీటర్లు, మొత్తం మీద పైకి ఎక్కేది 5,475 మీటర్లు. ఇది ఎంతో తెలియాలంటే తిరుమల లెక్కలో చూడు. తిరుపతి నుంచి కొండ మీదికి ఘాట్ రోడ్డులో దాదాపు 700 మీటర్లు పైకి లేస్తాం, అంటే ఒక్క రోజులో ఎనిమిది సార్లు ఏడుకొండలు ఎక్కినంత అన్నమాట. అదైనా ఒకే పొడవాటి ఘాట్ అయితే కాస్త నయం, ఒక గేరులో పడేసి, ఊపిరి ఒక లయలో పెట్టుకుని, గోవిందా అనుకుంటూ పోవచ్చు. ఇక్కడ దాన్ని తీసుకుని కైమా కొట్టినట్టు ముక్కలు ముక్కలు చేశారు. ఊళ్ళోనే 15.1 కిలోమీటర్ల చుట్టు, అందులో గోల్ఫ్ కోర్సు పక్కన 800 మీటర్ల ఎక్కుడు, సగటు 8.1 శాతం, అది దాటాక కిమిహురూరా అని 1.3 కిలోమీటర్లు, 6.3 శాతం, పైగా రాళ్ళు పరిచిన రోడ్డు. ముందు ఈ చుట్టు తొమ్మిది సార్లు తిప్పుతారు, తర్వాత ఊరి అవతలికి పెద్ద చుట్టు తీసుకెళ్ళి కిగాలీ కొండ ఎక్కిస్తారు (5.9 కిలోమీటర్లు, 6.9 శాతం), ఆపైన కిగాలీ గోడ అని పిలిచే 400 మీటర్ల రాళ్ళ రోడ్డు, 11 శాతం, అది అయ్యాక మళ్ళీ ఊళ్ళోకి తెచ్చి పాత చుట్టే ఇంకో ఆరు సార్లు. లెక్కపెట్టుకో, ముప్పై రెండు ఎక్కుళ్ళు. రువాండాను వేయి కొండల దేశం అంటారు, ఈ రేసు గీసినవాళ్ళు ఆ మాటను కాస్త ఎక్కువగానే మనసులో పెట్టుకున్నట్టున్నారు.

దీనికి తోడు ఎత్తు. నంది పైన గుడి దగ్గర నిలబడ్డావు కదా, అది 1,478 మీటర్లు. కిగాలీ ఊరే 1,500 మీటర్ల చుట్టుపక్కల ఉంది. అంటే వీళ్ళు ఆరు గంటలకు పైగా తొక్కబోయేది నంది పైన, కింద కాదు! ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే ఆరో వంతు దాకా తక్కువ, ఒక్కో శ్వాసకీ లోపలికి వెళ్ళే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. మామూలుగా తొక్కుతున్నంతసేపూ అంత తెలియదు. గట్టిగా ఒక అటాక్ చేసి (అంటే గుంపును వదిలించుకోవడానికి ఒక్కసారిగా వేగం పెంచి), రొప్పుతూ, మళ్ళీ మామూలు స్థితికి రావడానికి ముప్పై సెకన్లు పట్టేది నలభై అయిదు పడుతుంది చూడు, అక్కడ తెలుస్తుంది. మద్రాసు నుంచి వచ్చిన మా బావమరిది బెంగళూరు 900 మీటర్ల ఎత్తుకే మొదటి రోజు హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ఆయాసపడ్డాడు, ఆయన మాత్రం సాంబారు తప్పు అంటాడు.

నా సొంత అనుభవం ఒకటి చెప్తా, ఎందుకంటే మిగతా లెక్కంతా దాని మీదే నడుస్తుంది. మూడేళ్ళ కింద నాకొక పిచ్చి ఆలోచన వచ్చి నంది మూడు సార్లు వరసగా ఎక్కుదామని తెల్లారుజామున బయల్దేరాను. మొదటిసారి 34 నిమిషాలు, నాకు అది మంచి టైమే. కిందికి దిగి నీళ్ళు తాగి వెంటనే రెండోది, 36. అబ్బో మనం గట్టివాళ్ళమే అనుకున్నా. మూడోసారి సగం దాకా బాగానే ఉంది, తర్వాత ఒక మలుపులో సీటు మీంచి లేచి తొక్కుదామని లేచానో లేదో కుడి తొడ లోపలివైపు ఎవరో తాడు వేసి బిగించినట్టు పట్టేసింది. దిగి గోడకు ఆనుకుని కాలు చాపుకుంటుంటే, వెనక జేబులోంచి తీసి హ్యాండిల్ మీద పెట్టిన అరటిపండును కోతి ఎత్తుకుపోయింది. అదేమీ తొందరపడలేదు కూడా, ఎదురుగా కూర్చుని వొలుచుకుని తింది. మూడో ఎక్కుడు 51 నిమిషాలు. ఆ రోజు మొదటి ఎక్కుడులో నాకంటే రెండు నిమిషాలు వెనకొచ్చిన ఒక పెద్దాయన, యాభై దాటినవాడు, మూడోసారి నన్ను దాటి నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆయన మూడు టైములకీ మధ్య తేడా రెండు నిమిషాలు కూడా లేదు. కింద చిక్కబళ్ళాపురం రోడ్డు మీద టీ కొట్టులో కలిస్తే నవ్వుతూ తెలుగులోనే అడిగాడు, 'పొద్దున ఏం తిన్నావు నాయనా?' అని. రెండు ఇడ్లీలు, ఒక ఫిల్టర్ కాఫీ. ఆయన ఇంకేమీ అనలేదు.

కాబట్టి ఇలాంటి రేసుకి ముందు నేను ప్రతి రైడర్ విషయంలో చూసేది ఒకటే: తాజాగా ఉన్నప్పుడు తొక్కే దానికీ, ఆరో గంటలో తొక్కే దానికీ మధ్య ఎవరికి తేడా తక్కువ? ఎవరు గంటగంటకూ వంద గ్రాములకు పైగా చక్కెర కడుపులో పోసుకుంటూ కూడా వాంతి చేసుకోకుండా ఉండగలరు? కొండ రికార్డులన్నీ దాని తర్వాతే.

ఇప్పుడు నీ టైమ్ ట్రయల్ ప్రశ్న. అది 40.6 కిలోమీటర్లు, రెమ్కో దాన్ని యాభై నిమిషాల లోపే ముగించాడు. అతనికంటే రెండున్నర నిమిషాలు ముందు బయల్దేరిన పొగాచార్‌ను చివర్లో కిమిహురూరా రాళ్ళ మీద అందుకుని దాటేశాడు. ఆ రోజే పొగాచార్‌కు ఇరవై ఏడేళ్ళు నిండాయి, పుట్టినరోజు కానుక అలా దొరికింది పాపం. పతకం కూడా రాలేదు, రెండోది ఆస్ట్రేలియా జే వైన్, మూడోది బెల్జియం వాన్ విల్డర్, సెకను అటూ ఇటూలో పొగాచార్ నాలుగు. ఆ దృశ్యం చూస్తే ఎవరికైనా పొగాచార్ పని అయిపోయింది అనిపిస్తుంది, నాకూ ఒక్క పూట అనిపించింది.

కానీ టైమ్ ట్రయల్ వేరే విద్య. అక్కడ ఎవరి వెనకా దాక్కోవడం లేదు, ఎవరూ అటాక్ చేయరు, ఒకే స్థాయి బలాన్ని గీత గీసినట్టు యాభై నిమిషాలు పెట్టాలి, తల భుజాల మధ్య దాచుకుని గాలిని చీల్చుకుంటూ పోవాలి. ఈ పనిలో రెమ్కోను మించినవాడు ఇప్పుడు భూమ్మీద లేడు, వరసగా మూడో ఏడాది ప్రపంచ టైటిల్ కొట్టాడు. రోడ్ రేసులో మాత్రం ఎవడో ఒకడు ఒక్కసారిగా ఇరవై సెకన్ల పాటు ప్రాణం పెట్టి లాగుతాడు, అది తట్టుకుంటే ఇంకో నిమిషానికి మళ్ళీ లాగుతాడు. రెమ్కోకి ఇబ్బంది ఆ రెండో లాగుడుతోనే. ఈ జులైలో టూర్ డి ఫ్రాన్స్ 14వ స్టేజ్‌లో పిరెనీస్ కొండల్లో చేతులెత్తేసి దిగిపోయాడు. ఇంకోపక్క, అతన్ని తీసిపారేయడానికీ లేదు. పోయిన డిసెంబరులో ప్రాక్టీసులో ఉండగా ఆగి ఉన్న వ్యాన్ తలుపు ఎదురుగా తెరుచుకుంటే దాన్ని గుద్దుకుని పక్కటెముక, భుజం, చెయ్యి విరగ్గొట్టుకున్నాడు (ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆటో తలుపుల భయంతో తొక్కే మనకి ఆ బాధ చెప్పక్కర్లేదు), అంత దెబ్బ తర్వాత కూడా సెప్టెంబరుకల్లా ఇలా తిరిగొచ్చాడు. అతని బలం ఇదీ: సమానంగా ఉన్న రోడ్డు మీద లేదా దిగుడులో అతనికి ఇరవై సెకన్లు ఇచ్చావా, అంతే సంగతులు, మళ్ళీ కనిపించడు. 2022లో వొలాంగాంగ్‌లో ప్రపంచ టైటిల్ అలాగే ఒంటరిగా పోయి గెలిచాడు, 2022లో, 2023లో బెల్జియంలో జరిగే లియేజ్ అనే ఒకరోజు రేసు కూడా అలాగే. 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో రోడ్ రేసు, టైమ్ ట్రయల్ రెండూ అతనివే.

అంటే రెమ్కో గెలవాలంటే కిగాలీ కొండ మీద పొగాచార్ మొదటి దెబ్బ వేసినప్పుడు వెంటనే అతుక్కోకపోయినా పర్లేదు, పదిహేను ఇరవై సెకన్లలోనే ఉండి, పైన దాటాక తన ఇంజన్‌తో అందుకోవాలి. అందుకున్నాడంటే చివరి ఆరు చుట్లు చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. అందుకోలేకపోతే వెండి పతకానికి పోటీ.

పొగాచార్ గురించి రాయడమంటే వంటింట్లో ఉప్పు గురించి రాసినట్టు, అందరికీ తెలిసిందే. ఈ ఒక్క ఏడాదిలోనే స్ట్రాడే బియాంకే, టూర్ ఆఫ్ ఫ్లాండర్స్, ఫ్లెష్ వలోన్, లియేజ్ అనే పెద్ద ఒకరోజు రేసులు, నాలుగోసారి టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. అనుమానాలు పెట్టుకోవాలంటే ఉన్నాయి. టూర్ మూడో వారంలో పసుపు జెర్సీలో (అందరికంటే ముందున్నవాడు వేసుకునేది) ఉండి కూడా మొహం వేలాడేసుకుని, ఇంటికెళ్ళే రోజు కోసం చూస్తున్నట్టు తొక్కాడు. ఈ నెలలోనే కెనడాలో క్యుబెక్ రేసులో అతని అటాక్‌లేవీ పనిచేయలేదు, అలాఫిలిప్ గెలిచాడు. రెండు రోజుల తర్వాత మాంట్రియల్‌లో మాత్రం తనూ, తన టీమ్ మేట్ మెక్‌నల్టీ ఇద్దరే ముందు మిగిలితే గెలుపు అతనికి వదిలేశాడు. చేతిలో ఉన్న రేసును దానమిచ్చేవాడు ఫామ్‌లో లేడని నేను అనుకోను. మాంట్రియల్ కూడా ఇలాగే చుట్లు చుట్లుగా ఎక్కుళ్ళున్న రేసే అని గుర్తుపెట్టుకో.

ఇక అతను ఎక్కడ కదులుతాడన్నది అసలు ప్రశ్న. పోయినేడు జూరిచ్‌లో ఇదే ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఎలా గెలిచాడో చూసే ఉంటావు. ఇంకా వంద కిలోమీటర్లుండగా గుంపులోంచి దూకాడు, అప్పుడు నేను సోఫాలోంచి లేచి 'వీడికి పిచ్చి పట్టింది' అన్నాను. ముందే బ్రేకవేలో (గుంపును వదిలి ముందుకి పోయిన కొద్దిమందిలో) పెట్టి ఉంచిన తన దేశపువాడు యాన్ ట్రాట్నిక్ ఆగి, అతన్ని ముందు గుంపు దాకా లాక్కెళ్ళాడు. కొంతసేపు ఫ్రాన్స్ సివకోవ్ తోడు, ఆఖరి 51 కిలోమీటర్లు ఒంటరిగా. వెనకాల రెమ్కో, నెదర్లాండ్స్ వాన్ డెర్ పూల్ 'నువ్వు లాగు' అంటే 'నువ్వు లాగు' అన్నట్టు (ముందు ఉండి లాగేవాడు గాలిని చీలుస్తాడు, వెనక దాక్కున్నవాడికి బలం మిగులుతుంది) మొహాలు చూసుకుంటూ ఉండిపోయారు. కల్యాణమండపంలో బిల్లు ఎవరు కట్టాలా అని వియ్యంకులిద్దరూ ఫోన్ చూసుకుంటున్నట్టు.

కిగాలీ కొండ కూడా సరిగ్గా అలాంటి చోటే ఉంది, ఎక్కేటప్పుడు ఇంకా వంద కిలోమీటర్లకు పైచిలుకే మిగిలి ఉంటుంది. నా అంచనా: అక్కడ కచ్చితంగా ఏదో ఒకటి చేస్తాడు, ఎందుకంటే ఆ రేసు మొత్తంలో ఐదారు కిలోమీటర్లు ఏకధాటిగా ఎక్కేది అదొక్కటే, బరువైన రైడర్లనీ, మిగతా దేశాల సహాయకులనీ ఒకేసారి విదిలించుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఒంటరిగా పోతాడని మాత్రం అనుకోవడం లేదు, ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకుని దాటి, ఊళ్ళో చుట్ల మీద ఒక్కొక్కర్నీ జారవిడుస్తాడు. చివరి దెబ్బ రెండు మూడు చుట్లుండగా కిమిహురూరా రాళ్ళ మీద అని నా లెక్క. తప్పైతే ఆదివారం రాత్రి తిట్టు.

ఇక్కడ నీకు తెలియాల్సిన విషయం, టీవీ వాళ్ళు చెప్పీ చెప్పనట్టు చెప్పేది: ఈ రేసులో ఇయర్‌ఫోన్ రేడియోలు ఉండవు. మామూలు రేసుల్లో కారులోంచి కోచ్ చెవిలో చెప్తుంటాడు, ముందు ఎవరున్నారు, ఎన్ని సెకన్లు, ఎవరు అలిసిపోయారు అని. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మోటార్‌సైకిల్ మీద బోర్డు చూపిస్తేనే, లేదా పక్కన సర్వీసు దగ్గర ఎవరైనా అరిస్తేనే తెలిసేది. పదిహేను చుట్ల రేసులో ఎవరు ముందున్నారో, ఎవరు ఒక చుట్టు వెనకబడ్డారో కలగాపులగం అయిపోతుంది. దీనికి తోడు జెర్సీ దేశానిది, జీతం కంపెనీ టీముది. పొగాచార్ స్లొవేనియా, మొత్తం జనాభా ఇరవై లక్షల పైచిలుకు, మన బెంగళూరులో ఐదో వంతు కూడా కాదు. పెద్ద దేశాలంత బలమైన సహాయకులు ఆరేడు గంటల రేసులో చివరిదాకా ఉండరు. కానీ మెక్సికో జెర్సీలో డెల్ టోరో, ఫ్రాన్స్ జెర్సీలో సివకోవ్, ఆస్ట్రేలియాలో జే వైన్, స్పెయిన్‌లో అయూసో, వీళ్ళంతా ఏడాది పొడవునా యూఏఈ టీములో పొగాచార్‌తో ఒకే బస్సులో తిరిగేవాళ్ళు. వెళ్ళి సాయం చేస్తారని కాదు, అలా చేస్తే దేశం ఊరుకోదు. పొగాచార్‌ను వెంటాడాల్సిన క్షణంలో కాస్త ఆలోచిస్తారు, అంతే. ఆ కాస్తే చాలు. ఇందులో అయూసో కథ తమాషాగా ఉంది, ఈ సీజన్ ముగియగానే యూఏఈ వదిలేస్తున్నాడని స్పెయిన్ టూర్ మధ్యలోనే ప్రకటించారు, కాబట్టి అతనికి మొహమాటం ఏమీ మిగల్లేదు. కిగాలీ కొండ మీద పొగాచార్ చక్రానికి అతుక్కునేవాళ్ళలో అతనుంటే నేను ఆశ్చర్యపోను, చివరిదాకా ఉంటే మాత్రం ఆశ్చర్యపోతా.

ఒకే టీము, రెండు మనసులు అన్నదానికి పాత ఉదాహరణ ఒకటుంది. 1995లో కొలంబియాలో డుయిటామా, కిగాలీ కంటే ఇంకా ఎత్తులో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్. అందరి చూపూ స్పెయిన్ ఇందురాయిన్ మీద. వాళ్ళ దేశపువాడే ఒలానో ముందుకి పోయాడు, వెనకాల ఇటలీ పాంటాని వెంటాడాలంటే తన చక్రం వెనకే ఇందురాయిన్ అతుక్కుని ఉన్నాడు, పాంటాని లాగితే ఇందురాయిన్‌కి మేలు, లాగకపోతే ఒలానోకి మేలు. ఒలానో వెనక టైరు గాలి పోయినా ఆ పంక్చర్ చక్రంతోనే గీత దాటి గెలిచాడు. ఇందురాయిన్ రెండు, పాంటాని మూడు. ఆదివారం బెల్జియం ఇలాంటి పని చేయగలదేమో చూడాలి, పతకం తెచ్చిన వాన్ విల్డర్‌ను ముందే బ్రేకవేలోకి పంపి, పొగాచార్ దేశాన్ని ఒంటిచేత్తో లాగేలా చేయడం. నేను బెల్జియం కోచ్ అయితే మొదటి గంటలోనే చేసే పని అది.

మిగతావాళ్ళలో నా మనసుకు దగ్గరివాడు ఐర్లండ్ బెన్ హీలీ. తొక్కుతుంటే చూడ్డానికి ఏమీ అందంగా ఉండడు, తల ఒకపక్కకి, భుజాలు ఇంకోపక్కకి, కూరగాయల మూట సైకిల్‌కి సరిగ్గా కట్టనట్టు. కానీ నేను పైన చెప్పానే, ఆరో గంట తేడా, అది ఇతనికి చాలా తక్కువ. ఈ ఏడాది టూర్‌లో చాలా దూరం ఒంటరిగా పోయి ఒక స్టేజ్ గెలిచాడు, తర్వాత పసుపు జెర్సీ వేసుకున్నాడు, ఏప్రిల్‌లో లియేజ్‌లో మూడోవాడు. ఇతని అదృష్టం ఏంటంటే పొగాచార్, రెమ్కో ఒకర్నొకరు చూసుకుంటున్నప్పుడు ఇతను సద్దు చేయకుండా వెళ్ళిపోవచ్చు. బంగారం కష్టం, పతకం మీద మాత్రం నేను పందెం కాస్తా.

డెల్ టోరో ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు, మే నెలలో జిరో డి ఇటాలియా (ఇటలీలో మూడు వారాల రేసు) చేతిలోకి వచ్చినట్టే వచ్చి ఫినెస్ట్రే కొండ మీద జారిపోయింది, రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. ఇక్కడి టైమ్ ట్రయల్‌లో పొగాచార్ వెనకే ఐదో స్థానం, కాబట్టి కాళ్ళు బావున్నాయి. 267 కిలోమీటర్ల దూరం, అంత పొడవు రేసులో పెద్దగా అనుభవం లేకపోవడం, ఇవే అతనికి అడ్డు. బ్రిటన్ పిడ్‌కాక్ స్పెయిన్ టూర్‌లో మూడోస్థానం తెచ్చుకుని వచ్చాడు, దిగుడులో అతన్ని మించినవాడు లేడు, రెండుసార్లు ఒలింపిక్ మౌంటెన్ బైక్ బంగారం ఊరికే రాదు. మరి ఆ మూడు వారాల రేసు అలసట తీరిందా, లేక ఇంకా పిక్కల్లో ఉందా అన్నది పదో చుట్టులో బయటపడుతుంది. ఇటలీ చిక్కోనే లియేజ్‌లో రెండు, ఆగస్టులో సాన్ సెబాస్టియన్ రేసులో గెలుపు, పేరు చిన్నదే గానీ ఇలాంటి రోడ్డుకి అచ్చంగా సరిపోయేవాడు. డెన్మార్క్ స్కెల్మోస ఏప్రిల్‌లో ఆమ్‌స్టెల్ రేసులో పొగాచార్‌నీ రెమ్కోనీ ఇద్దర్నీ స్ప్రింట్‌లో కొట్టాడు, అది గాలివాటం గెలుపని కొందరంటారు, ఆ ఇద్దరి చక్రం దాకా రావడమే గాలివాటంతో అయ్యే పని కాదు. ఫ్రాన్స్‌కి అలాఫిలిప్ ఉన్నాడు, రెండుసార్లు ఛాంపియన్, ఇప్పుడు మళ్ళీ క్యుబెక్ గెలిచి వచ్చాడు. పక్కన పాల్ సెక్సాస్ అని పంతొమ్మిదేళ్ళ పిల్లాడు, పోయిన నెలలోనే కుర్రాళ్ళ టూర్ అయిన టూర్ డి లావెనిర్ గెలిచాడు. ఈసారికి నేర్చుకోవడానికే వచ్చాడనుకో, పేరు మాత్రం ఎక్కడైనా రాసిపెట్టుకో.

డెన్మార్క్ వింగెగార్డ్ ఏడీ అని అడుగుతావేమో. స్పెయిన్ టూర్ గెలిచాడు, కిగాలీకి రావట్లేదు. వాన్ డెర్ పూల్, బెల్జియం వాన్ ఆర్ట్ కూడా లేరు. వింగెగార్డ్ వచ్చినా నా పట్టికలో మూడో పేరు దాటేవాడు కాదు, నలభై నిమిషాల కొండ అయితే అతని రాజ్యం, రెండు మూడు నిమిషాల ఎక్కుడు ముప్పై సార్లు అనేది అతని వంట కాదు. నంది మీద అందరికంటే ముందు పైకెళ్ళే కుర్రాడు మన గ్రూపులో ఒకడున్నాడు చూడు, అదే కుర్రాడు కనకపుర రోడ్డు మీద ఎగుడు దిగుళ్ళలో మన వెనకే ఉంటాడు. అలాగన్నమాట.

ఇవాళే అండర్-23 రేసు అయింది, ఇటలీ కుర్రాడు లొరెంజో ఫిన్ గెలిచాడు, పోయినేడు జూరిచ్‌లో జూనియర్ గెలిచినవాడే. వాళ్ళకి కిగాలీ కొండ లేదు, ఊళ్ళో చుట్లే, అయినా గుంపు పూసల దండ తెగినట్టు చెదిరిపోయింది. పెద్దవాళ్ళ రేసులో సగానికి పైగా మధ్యలోనే దిగిపోతారు, అది నాకు ఏ అనుమానమూ లేని సంగతి. 1980లో ఫ్రాన్స్‌లో సలాంష్‌లో ఇనో గెలిచినప్పుడు చివరిదాకా మిగిలింది పదిహేను మందే. అంత దారుణం అవకపోయినా ముప్పై నలభై మంది మించరని నా ఊహ.

సంఖ్యల్లో చెప్పమని అడుగుతావు కాబట్టి చెప్తున్నా: పది సార్లు ఈ రేసు పెడితే ఏడు సార్లు పొగాచార్, రెండు సార్లు రెమ్కో, మిగిలిన ఒక్కటీ హీలీ, డెల్ టోరో, స్కెల్మోస పంచుకోవాలి. వాన పడితే ఈ లెక్క చించెయ్. తడిసిన కిమిహురూరా రాళ్ళ మీద లేచి తొక్కితే వెనక చక్రం జర్రున జారుతుంది, అప్పుడు సీటు మీద కూర్చునే బలంగా తొక్కగలిగేవాడిదే పైచేయి, ఆ పని రెమ్కో బాగా చేస్తాడు.

టైమ్ విషయానికొస్తే వాళ్ళు మనకంటే మూడున్నర గంటలు వెనక. మన మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మొదలై, రాత్రి ఎనిమిదికి అటూ ఇటూగా కన్వెన్షన్ సెంటర్ దగ్గర ముగుస్తుంది. అంతసేపూ చూడక్కర్లేదు, భోంచేసి ఓ కునుకు తీసి, కిగాలీ కొండకి ముందు, సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో కూర్చుంటే చాలు. అసలు చిక్కు ఇంకోటి: దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్, మనకీ పాకిస్తాన్‌కీ, అదీ సరిగ్గా ఎనిమిదికే. మా ఇంటికి ఆ రోజు మ్యాచ్ కోసం పదిమంది వస్తున్నారు, టీవీ ఐదు గంటల నుంచి నా దగ్గరే ఉంటుందన్న సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.